నీళ్లు తీశాక

మేడంగారు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో నన్ను మాట్లాడమన్నారు. పాస్టరుగారు మైకు నా వైపు తిప్పి, "కాలేజీలో మన సహోదరితో సొంత చెల్లెల్లా తిరిగిన అమ్మాయి. రెండు మాటలు చెప్తుంది" అన్నారు. లేచాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. చున్నీ సర్దుకుని మళ్లీ కూర్చున్నాను. పాస్టరుగారు మంచివారు. "దుఃఖంలో ఉంది" అని మైకు వెనక్కి తీసుకున్నారు.

దుఃఖం ఉంది. కానీ కూర్చోవడానికి కారణం అది కాదు. నాకు నలుగురిలో మాట రాదు. ఇంటికెళ్లి డైరీలో రాసుకోవడమే వచ్చు. నా ఒళ్లో సంచి ఉంది, సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. దానిలో ఉన్నది తీసి చూపించి, "ఇది ఆవిడ చేసిందండి" అనాలని ఇంటి దగ్గర అద్దం ముందు అనుకుని మరీ వెళ్లాను.

మిగతావాళ్లు మాట్లాడారు. వేళకి వచ్చేవారని, సెలవు పెట్టేవారు కాదని, దేవుడంటే భయభక్తులున్న మనిషని అన్నారు. అన్నీ నిజమే. అయినా ఆ మాటల్లోంచి ఆవిడ లేచి రాలేదు. పాస్టరుగారు చెప్పిన ఒక్క సంగతిలో మాత్రం వచ్చారు. భస్మ బుధవారం నాడు ఆయన నుదుట బూడిద పెడితే, ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, వెళ్తూ వెళ్తూ ఆ బూడిదను వేలితో తీసి రుద్ది చూసి, "అయ్యగారూ, ఇది సరిగ్గా కాలలేదండి. లోపల బొగ్గు ఉండిపోయింది" అన్నారట. షామియానా కింద ఒక్క క్షణం అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత కళ్లు తుడుచుకోవడానికి చేతిరుమాలు తీశాను. అది అప్పటికే తడిసి ఉంది. పిండబోయి ఆగిపోయాను.

ఆవిడ తడిబట్టను పిండనిచ్చేవారు కాదు.

నేను అమలాపురంలో మా కాలేజీకి కెమిస్ట్రీ గెస్టు లెక్చరర్‌గా వచ్చిన మొదటి రోజు వాన. ల్యాబు గుమ్మంలో నిలబడి చున్నీ పిండుతున్నాను. లోపల్నించి గట్టిగా ఒక కేక. "పిండకమ్మాయ్!" ఏదో పాడుచేశానేమోనని చున్నీ వదిలేశాను. సన్నగా, పొడుగ్గా ఒకావిడ గొడుగు చేత్తో పట్టుకునే బయటికి వచ్చారు. కళ్లజోడుకి ఒక వైపు దారం కట్టి ఉంది. వేళ్ల చర్మం కాస్టిక్ సోడాకి కాలి తెల్లగా, ముడతలుగా ఉంది. నా చున్నీ చివర తన చేతిలోకి తీసుకుని, మడతలు విప్పి, కిటికీ ఊచకి వేశారు. "దాని ప్రాణం ఎందుకు తీస్తావ్? వేలాడదియ్యి. దాని నీళ్లు అదే వదులుకుంటుంది."

ఇంటి దగ్గరా అంతేనని తర్వాత తెలిసింది. తమ్ముడి కుటుంబంతో కలిసి ఉండేవారు. ఆవిడ చీరలు దండెం మీద నీళ్లోడుతూ వేలాడేవి, మెట్లన్నీ తడి. మరదలు సణుక్కునేది. "మా వదినగారి చీర ఆరేలోపు క్రిస్మస్ వచ్చేసి వెళ్లిపోద్దండి."

ఇంకో అలవాటు వినడం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, తల ఎడమ పక్కకి వంచి, ఏదో వినేవారు. క్లాసులో కూడా. పిల్లలు ఆవిడకి ఒక చెవి సరిగ్గా పనిచెయ్యదనుకునేవారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకుని కుడి పక్కనే నిలబడి మాట్లాడేదాన్ని. ల్యాబు మూల బీరువాలో గాజు పళ్లాల్లో ఏవో ఆరుతూ ఉండేవి. ఆవిడ వినేది వాటిని. అవి పగిలేటప్పుడు "టిక్" మని చిన్న చప్పుడు వస్తుంది. గోరుతో గోరు మీటినంత. ఆ చప్పుడు వినపడగానే ఆవిడ ముఖంలో ఏదో ఆరిపోయేది. మళ్లీ వెంటనే పాఠం ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెట్టేవారు.

ఆ పళ్లాల్లో ఉన్నదేమిటో చెప్పాలి. మండపేట మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండే ఊకలో సిలికా ఉంటుంది. ఊకను కడిగి, సన్నటి సెగ మీద తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చి, ఆ బూడిదను కాస్టిక్ సోడా నీళ్లలో మరిగిస్తే కరుగుతుంది. అందులో ఆమ్లం చుక్క చుక్కగా వేస్తే తోడుకుని, జున్నులా గట్టిపడుతుంది. ఆ జున్నులో ముప్పాతిక మూడొంతులు నీరే. ఆ నీటి చుట్టూ కంటికి కనపడనంత సన్నటి గోడలతో ఒక అల్లిక ఉంటుంది. అల్లిక చెదరకుండా నీటిని మాత్రం బయటికి పంపగలిగితే మిగిలేది ఏరోజెల్. లోపలంతా గాలే. చేతిలో పెడితే బరువు తెలియదు, కింద మంట పెడితే పైన వేడి తెలియదు.

పంపగలిగితే. నీరు ఊరికే పోదు. పోతూ పోతూ గోడలను తనతో లాక్కుపోతుంది. జున్ను కుంచించుకుపోయి, పగిలి, చివరికి పొడైపోతుంది. అందుకని నీటి చోట ముందు స్పిరిట్‌ని, స్పిరిట్ చోట పెట్రోలులాంటి హెక్సేన్‌ని నెమ్మదిగా ఎక్కించాలి. వాటి పట్టు నీటి పట్టంత గట్టిది కాదు. గోడలకి ఊతంగా మన కొబ్బరి పీచును నాన్చి, తెల్లబరిచి, అందులోంచి తీసిన సన్నటి నారను కలపాలన్నది ఆవిడ ఆలోచన. పెద్ద ఊళ్లలో దీనికి యంత్రాలుంటాయి. మా ల్యాబులో ఉన్నవి స్టవ్వు, గాజు పళ్లాలు, ఆవిడ ఓపిక.

"నీరు పోవాలి, ఇల్లు నిలబడాలి. మన సబ్జెక్టంతా ఇంతేనమ్మాయ్" అనేవారు.

ఆవిడ పదవి కాంట్రాక్టు లెక్చరర్. తలలో సగం నెరిసినా అదే పదవి. పర్మినెంటు కావాలంటే డాక్టరేటు ఉండాలి. యూనివర్సిటీలో రిజిస్ట్రేషనుకి ఇవ్వగలిగిన పొడిగింపులన్నీ ఇచ్చేశారు. ఈ డిసెంబరు దాటితే రద్దు. గైడుగారు అడిగింది ఒక్కటే. అరచేతిలో పట్టేంత పలక, పగులు లేనిది. వేడిని ఎంత ఆపుతుందో కొలవడానికి వాళ్ల యంత్రంలో పెట్టాలంటే ముక్కలు పనికిరావు. ఆవిడ దగ్గర ముక్కలే ఉండేవి. పగిలినవాటిని మెత్తటి కుంచెతో ఊడ్చి ఒక ఊరగాయ జాడీలో వేసేవారు. ఎందుకండీ దాచడం అంటే, "ఇదీ ఒకప్పుడు నిలబడిందే కదా" అన్నారు.

స్టాఫ్ రూములో ఆవిడ పేరు ఊక మేడంగారు. ఫిజిక్సు మాస్టారు ఇడ్లీ తింటూ ప్రతి ఉదయం మొదలుపెట్టేవారు.

"ఏమండీ ఊక మేడంగారూ, ఇంకా దంచుతూనే ఉన్నారా?"

"ఆయ్, దంచుతున్నానండి. బియ్యం మీరు తినేసేరు కదా, నాకు ఊకే మిగిలింది."

"పలకా పలకా అని ఎన్నాళ్లండీ? పొడిగానే చూపించెయ్యండి. పౌడర్ల మీద ఎంతమంది థీసిస్సులు వెయ్యట్లేదు?"

ఆవిడ గొడుగు మడిచి మూల పెట్టారు. "పొడి చెయ్యడానికి నేనెందుకండీ? అది దానంతటదే అవుతుంది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మాస్టారే కాసేపటికి, "టీ తాగుతారా" అని అడిగారు. టీ ఆవిడ మీగడ కట్టేదాకా తాగేవారు కాదు.

మేమిద్దరం కలిసి వెళ్లినవాటిలో కాట్రేనికోన ప్రయాణం ఒకటి ఎప్పటికీ మర్చిపోను. నీటిని గడ్డకట్టించి ఐసుగానే తీసెయ్యవచ్చని ఆవిడ ఎక్కడో చదివారు. గడ్డకట్టించడానికి మాకు ఏముంది? రొయ్యలకి ఐసు దిమ్మలు చేసే ఫ్యాక్టరీ ఉంది. ఒక శనివారం జున్ను పళ్లాలు తువ్వాళ్లలో చుట్టుకుని బస్సెక్కాం. గతుకు వచ్చినప్పుడల్లా ఆవిడ పళ్లెంతోపాటు సీట్లోంచి లేచేవారు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు.

ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ తువ్వాలు విప్పి చూసి, "ఇదేంటండీ మేడంగారూ, అందరూ రొయ్యలు తెస్తే మీరు జున్ను తెచ్చేరు?" అన్నాడు.

"ఆయ్. దీనికీ చలి పెట్టాలి నాయనా."

"గేదె ఈనిందాండీ?"

"మిల్లు ఈనింది" అన్నారావిడ. మేస్త్రీ పగలబడి నవ్వాడు. ఉప్పునీటి తొట్టిలో డబ్బాల మధ్య చోటు చేసి మా పళ్లాలు దింపాడు. మేం బయట అరుగు మీద కూర్చున్నాం. రొయ్యల కంపు, అమోనియా ఘాటు. ఆవిడ సంచిలోంచి అరటిపళ్లు తీసి నాకొకటి ఇచ్చారు. ఆ పూట చాలా సంతోషంగా ఉన్నారు. తన చిన్నప్పుడు ఐసు అంటే ఏమిటో తెలియదని, మొదటిసారి ఐసుపుల్ల చూసినప్పుడు పొగ వస్తోందని ఊదారని చెప్పారు.

సాయంత్రం పళ్లాలు తీశాడు. గడ్డకట్టాయి. లోపల ఐసు సూదులు సూదులుగా పెరిగి, అల్లికనంతా చీరేసింది. వేలు పెడితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. మేస్త్రీ ముఖం చిన్నబోయింది. "మా తప్పేమన్నా ఉందాండీ?" అని అడిగాడు. "మీది కాదు. చలిది" అన్నారు. తిరుగు బస్సులో ఆ పళ్లాలను అంతే జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకున్నారు. పాడైపోయినవే కదండీ, కింద పెట్టండి అంటే వినలేదు.

మర్చిపోలేని రెండో ప్రయాణం ఏరు దాటించే పంటు మీద. మండపేటలో ఊక తీసుకుని, రామచంద్రపురం మీదుగా కోటిపల్లి రేవుకొచ్చి, గోదావరి దాటుతున్నాం. వరదకి ఆపేసిన పంటు ఆ రోజే మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు. ఊక బస్తా మనిషంత ఎత్తుంది, కానీ ఆవిడ ఒంటిచేత్తో ఎత్తుతుంటే పంటు మీద జనం వింతగా చూశారు. ఎర్రటి నీళ్లు ఇంకా సుళ్లు తిరుగుతున్నాయి. పక్కన స్కూటరు పట్టుకున్న పెద్దాయన ఎవరితోనో ఫోనులో, "తీసేసిందిరా వరద. ఇంక భయం లేదు, మీరు ఇంటికెళ్లిపోవచ్చు" అంటున్నాడు.

ఆవిడ ఆయన వైపు తిరిగారు. "ఎక్కడండీ ఇల్లు?"

"లంకలో అండి. చుట్టూ గోదారే, ఇల్లు గట్టు దగ్గరే."

"అయితే ఇవాళ వెళ్లద్దని చెప్పండి. రేపూ వద్దు. గట్టు ఆరనివ్వండి."

"నీళ్లు తగ్గేయి కదమ్మా?"

"తగ్గేయి కాబట్టేనండి."

ఆయనకి అర్థం కాలేదు. మర్యాదకి "ఆయ్" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ బస్తాకి ఆనుకుని నిలబడ్డారు. నేనేమీ అడగలేదు. నాకు అడగడం రాదు కాబట్టే నాకు చెప్పి ఉంటారు.

"మాదీ లంకేనమ్మాయ్. నీళ్లు నిండుగా ఉన్నంతసేపు గట్టు పడదు. నీళ్లే దాన్ని పట్టుకుని ఉంటాయి. మట్టి లోపలంతా నీరు తాగేసి ఉంటుంది. ఏరు దిగిపోతే ఆ లోపలి నీరు బయటికి తోసుకొస్తుంది, పట్టుకునే ఆధారం ఉండదు. అప్పుడు జారుతుంది." ఎర్రటి నీళ్ల వైపు తిరిగారు. "నా చిన్నప్పుడు వరదొస్తే మేం ఏటిగట్టు మీద గుడారంలో ఉన్నాం. వరద తీసిందన్నారు. అందరూ నవ్వుకుంటూ బయల్దేరేరు. మా అమ్మ ముందెళ్లింది, ఇంట్లో మేటేసిన బురద ఎత్తాలని. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని వెనకాల. వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ పెరట్లో చీపురుతో బురద నెడుతోంది. రా రా అంది. అప్పుడొక చప్పుడైంది."

"పెద్దగానాండీ?"

"లేదు. టిక్ మంది. ఎండుపుల్ల విరిచినట్టు. ఆ తర్వాత పెరడు లేదు."

పంటు ఇంజను చప్పుడు, నీటి చప్పుడు. అవతలి ఒడ్డున కొత్తగా కోసుకుపోయిన మట్టి ఎర్రగా కనిపిస్తోంది. దాని అంచున వేళ్లు గాల్లో వేలాడుతూ ఒక కొబ్బరిచెట్టు. ఆవిడ దాన్ని చూడలేదు. బస్తా మూతి తాడు సరిచేస్తూ, "నీళ్లు నెమ్మదిగా పోతే నిలబడేదేమో. తొందరగా పోయేయి" అన్నారు, ప్రయోగం ఎందుకు చెడిందో చెప్పినట్టుగా.

ఆ తర్వాత నేను ఆ పలకని డాక్టరేటు కోసమని ఎప్పుడూ అనుకోలేదు. ఒక్కటి నిలబడాలి. ఆవిడ ఉండగా ఒక్కటి.

అక్టోబరులో చివరి పలక పోశారు. పీచునార పాళ్లు పెంచి, తన స్టీలు టిఫిన్ డబ్బా మూతనే అచ్చుగా పెట్టారు. గుండ్రంగా, తెల్లగా, అరచేతిలో పట్టేంత వచ్చింది. తర్వాత స్పిరిట్ మార్చడం. పాతది వంచి, అంచు పక్కనుంచి కొత్తది పోయాలి. పై నుంచి పోస్తే గుంట పడుతుంది. పోసేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టేవారు. నాకు తెలియకుండానే నేనూ బిగబట్టేదాన్ని. ఇద్దరం ఒకేసారి వదిలేవాళ్లం.

అప్పుడే ఆవిడకి జ్వరం వచ్చింది. ఊళ్లో ఇంటింటా ఉన్న జ్వరమే. రెండో రోజుకి మంచం దిగలేకపోయారు, రక్తపరీక్షలో డెంగీ అన్నారు. ఫోను మాత్రం ఆపలేదు. ఒళ్లు నొప్పుల గురించి ఒక్క మాట లేదు. "స్పిరిట్ మార్చేవా? పక్కనుంచి పోసేవా? మూత బిగించేవా? గాలి తగలకూడదమ్మాయ్." ఆయ్ అండీ, ఆయ్ అండీ అంటూనే ఉన్నాను. పలక నీళ్లన్నీ పోయి స్పిరిట్‌లోకి, తర్వాత హెక్సేన్‌లోకి వచ్చింది. ఇక ఆరబెట్టడమే మిగిలింది. అది నేను చెయ్యనన్నాను. మీరే వచ్చి చెయ్యాలన్నాను.

ఒక ఉదయం తమ్ముడు ఫోను చేశాడు. ఆయన అమలాపురంలో ఆటో నడుపుతాడు. గొంతులో పండగ. "అక్కకి జ్వరం తగ్గిపోయిందండి! ఒళ్లు చల్లబడిపోయింది. మా ఆవిడ తలకి పోసి పత్యం పెట్టింది, బీరకాయ కూరా చారూ. రెండు ముద్దలు తింది. ఇప్పుడు కాలేజీకి పద అని నా ప్రాణం తీస్తోంది." మా వైపు జ్వరం తగ్గితే అంతే. వేడినీళ్లు తలకి పోసి, బీరకాయ పత్యం పెడితే మనిషి లేచినట్టే. నేను ఆ రోజు డైరీలో "మేడంగారికి తగ్గింది" అని రాసి కింద గీత గీశాను.

మధ్యాహ్నం ఆటోలో దింపాడు. ఆవిడ స్వెట్టరు వేసుకుని, మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. ఎండలో కూడా చేతులు చల్లగా ఉన్నాయి. ల్యాబు అటెండరు గబగబా వెళ్లి కొబ్బరిబోండం కొట్టించుకొచ్చాడు. ఫిజిక్సు మాస్టారు గుమ్మంలోంచి, "జ్వరం పొడైపోయిందాండీ మేడంగారూ?" అన్నారు. ఆవిడ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో పొట్ట పట్టుకుని కొంచెం ముందుకి వంగారు.

"ఏమైందండీ?"

"ఏం లేదమ్మాయ్. ఇన్నాళ్లకి అన్నం పడింది కదా. ఒళ్లు దూదిలా ఉంది. చాలా తేలిగ్గా ఉంది."

స్టూలు మీద కూర్చుని పని మొదలుపెట్టారు. పలకని కొత్త గాజు పళ్లెంలోకి మార్చారు. పైన అల్యూమినియం కాగితం కప్పి, అంచులు గోటితో నొక్కారు. సూది తీసి కాగితానికి సన్నటి బెజ్జాలు పొడిచారు. ఒక బెజ్జానికీ ఇంకో బెజ్జానికీ మధ్య ఆగి ఊపిరి తీసుకున్నారు. ఇంకా పొడవమంటారాండీ అంటే వద్దని తల ఊపారు. "ఇవి చాలు. ఎంత తక్కువ దారి ఇస్తే అంత నెమ్మదిగా వెళ్తుంది." పళ్లెం బీరువాలో పెట్టి తలుపు వేశారు. తల ఎడమ పక్కకి వంచి విన్నారు. "నేను చెప్పేదాకా తెరవకు" అన్నారు.

ఆ సాయంత్రమే పొట్టనొప్పి ఎక్కువైంది. చెమటలు పట్టి, నాడి అందకుండా పోయింది. ఇక్కడి డాక్టరు చూసి వెంటనే కాకినాడ తీసుకెళ్లమన్నాడు. తెల్లారేసరికి ఆవిడ లేరు.

కాకినాడ డాక్టరమ్మ తమ్ముడితో అందట. "ఈ జ్వరంలో జ్వరం తగ్గేకే అసలు ప్రమాదమండి. రక్తనాళాల్లోంచి నీరంతా బయటికి వచ్చేస్తుంది. ఆ రెండు రోజులే కనిపెట్టుకుని ఉండాలి. తగ్గిందని వదిలేసేరా?" ఈ మాట నాకు చెబుతూ ఆయన నేల వైపు చూశాడు. "ఏటి సంగతైతే అక్కే చెప్పేదండి. ఊరందరికీ చెప్పేది. ఒంట్లోనూ అంతేనని ఎవరికి తెలుసండీ?"

నాకు పంటు మీద ఆవిడ పెద్దాయనతో "తగ్గేయి కాబట్టేనండి" అన్న గొంతే వినపడుతోంది.

సమాధుల తోటలో గొయ్యి తవ్వుతుంటే నీరూరింది. మా వైపు వానాకాలం వెళ్లిన కొత్తలో అంతే, మోకాలి లోతుకే నీళ్లు. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడి పోస్తున్నారు. తోడేకొద్దీ పక్కల మట్టి జారి లోపల పడుతోంది. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన గట్టు మీంచి అరిచాడు. "నెమ్మదిగా తోడండ్రా! నీళ్లు ఒక్కసారి తీసేస్తే పక్కలు నిలబడవు." కొబ్బరి దుంగలు తెచ్చి నాలుగు పక్కలా ఊతం పెట్టారు. అప్పుడు నిలబడింది. పాట పాడుతున్నారు. నాకు పాట వినపడలేదు. దుంగల సందుల్లోంచి నీరు కారుతున్న చప్పుడే వినపడింది. ఆవిడ పక్కనుంటే ఏమనేవారో నాకు తెలుసు. ఊతం కొబ్బరిదే కదమ్మాయ్, అనేవారు.

కాలేజీకి మళ్లీ వెళ్లాక బీరువా జోలికి పోలేదు. చెప్పేదాకా తెరవకు అన్నారు. చెప్పేవాళ్లు లేరు. ల్యాబులో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండేదాన్ని. నా తల ఎడమ పక్కకి వంగిపోతోందని అటెండరు చెప్పాడు. "అమ్మాయిగారూ, మీరూ మొదలెట్టేరా?" అన్నాడు. నవ్వబోయి, ముఖం తిప్పుకుని బయటికి వెళ్లిపోయాడు.

చప్పుడు రాలేదు. హెక్సేన్ వాసన పూర్తిగా పోయాక, ఒక మధ్యాహ్నం అటెండరుని పక్కన నిలబెట్టుకుని తెరిచాను. కాగితం అంచులు ఒక్కొక్కటిగా విప్పాను. పలక ఉంది. డబ్బా మూత ఎంతుందో ఇంచుమించు అంతే ఉంది. అంచున ఒక్క చోట కొద్దిగా లోపలికి వంగింది. పగులు లేదు. వెనకనుంచి వెలుగు పడితే లేత నీలంగా, పొగని కోసి పెట్టినట్టుగా ఉంది. లోపల కొబ్బరినార నీడలు. అటెండరు దణ్ణం పెట్టాడు, దేనికో ఆయనకీ తెలియదు.

గైడుగారికి ఫోను చెయ్యడానికి నాకు రెండు రోజుల ధైర్యం కావలసి వచ్చింది. ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఎంత మంచి రిజల్టు... కానీ ఆవిడ లేకుండా ఇప్పుడేం చెయ్యగలమమ్మా. ఆ రిజిస్ట్రేషన్ ఎలాగూ ముగిసిపోతుంది. నువ్వు చేరతానంటే చూద్దాం. పలక ఉంది కదా, నీ పని సగం అయిపోయినట్టే." ఆలోచించుకుని చెబుతానండి అన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు. పలక ఉంది. అది ఎవరి పలక అన్నదగ్గరే ఆగిపోతున్నాను.

కూడిక అయిపోయింది. భోజనాలు అయ్యాయి. షామియానా వాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నారు. తమ్ముడు చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇందాక ఏదో చెబుదామని లేచేరండి."

సంచిలోంచి డబ్బా తీశాను. ఆయన చూసి గుర్తుపట్టాడు. "మా అక్క టిఫినుదండీ ఇది." మూత తీసి, దూది మధ్యలోంచి పలకని రెండు చేతులతో ఎత్తి చూపించాను. ఆయన చేతులు లుంగీకి మళ్లీ తుడుచుకుని, చంటిపిల్లనో ప్రసాదాన్నో అందుకున్నట్టు దోసిలి పట్టాడు. పలక అందులో పెట్టాను. ఆయన నా ముఖం వైపే చూస్తూ ఎదురుచూశాడు.

"పెట్టండీ."

"పెట్టేనండి."

కిందికి చూసుకున్నాడు. దోసిట్లో ఉంది. బరువు తెలియలేదు. "ఇదేనాండీ? దీనికోసమేనా అంతా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నేను అవునన్నాను. నీళ్లన్నీ పోయాక కూడా నిలబడిందండి, అన్నాను. ఇందాక అందరి ముందూ అనలేకపోయిన మాట అది.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత నెమ్మదిగా దోసిలి పైకెత్తి, తల ఎడమ పక్కకి వంచి, పలకని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అక్కని చూసి నేర్చుకున్నాడో, అదే రక్తమో. వెనకాల షామియానా గుంజలు పెరుకుతున్నారు. గుడ్డ కిందికి దిగింది. ఎండ మా ఇద్దరి మీదా పడింది.

"చప్పుడేం లేదండి" అన్నాడు.

అన్నాక కూడా చెవి దగ్గర్నించి తియ్యలేదు.